సముద్రపు గాలికి నిలిచే పూలమొక్కలు: సాగర్ నగర్ ఇంటికి ఏవి పెట్టాలి

నమస్తే అమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ సాగర్ నగర్‌లో కొత్త ఇల్లు. ముందు తూర్పు వైపు 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు మట్టి జాగా, ఉత్తరం పక్క సన్నటి సందు, వెనకాల కొద్దిగా పెరడు. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. ఏటా చలికాలంలో బంతి, చామంతి తెచ్చి పెడితే మార్చికల్లా ఎండిపోతున్నాయి. ఒకసారి పెడితే ఏళ్ల తరబడి పూసే మొక్కలు కావాలి, అత్తగారి పూజకు రోజూ నాలుగు పూలు దొరకాలి, ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు. సంపెంగ పెట్టాలని కూడా మీకు ఆశ. ఇదీ మీరు చెప్పింది.

మొక్కల పేర్లకు ముందు గాలి సంగతి చెప్పాలి. నేను లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా 19 ఏళ్లు ఉన్నాను. ఆ ఇంట్లోకి వెళ్లిన కొత్తలో తూర్పు గోడ పొడవునా 14 గులాబీలు పెట్టాను. కడియం నర్సరీల నుంచి వచ్చిన మంచి అంటు మొక్కలు. మొదటి చలికాలం విరగబూశాయి. ఎండలు ముదిరి గాలి పెరిగాక ఆకుల అంచులు అగ్గిపుల్లతో కాల్చినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. నీళ్లు చాలడం లేదేమో అనుకుని ఇంకా పోశాను. నిజానికి అది దాహం కాదు, ఆకు మీద పేరుకున్న ఉప్పు. రెండో ఏడు దాటేసరికి మూడు మొక్కలే మిగిలాయి. అదే గోడ చివర, మాకంటే ముందు ఉన్నవాళ్లు పెట్టిపోయిన నందివర్ధనం ఉండేది. దానికి నేను ప్రత్యేకంగా ఒక్క చెంబు నీళ్లు పోసింది లేదు. అది మాత్రం రోజూ పూస్తూనే ఉండేది.

తర్వాత 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు పొద్దున బయటికొస్తే కంటికి ఆకుపచ్చ రంగు ఆనలేదు. రాలకుండా మిగిలిన ఆకులు కూడా ఉప్పుగాలికి వేగిపోయినట్టు ముడుచుకున్నాయి. కరెంటు లేదు, కుళాయి లేదు, ఆకులు కడుగుదామన్నా నీళ్లు లేవు. పోయిన మొక్కలన్నీ పీకేద్దామని ఇంట్లో అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. నవంబరు మొదటి వారంలో నందివర్ధనం మోడు మీద బఠాణీ గింజంత పచ్చటి మొటిమలు కనిపించాయి. గోరు తగిలితే రాలిపోతాయేమో అన్నంత లేతగా ఉన్నాయి. ఆ తర్వాత కాగితం పూల తీగ, ఆపైన ఎర్ర రేక మందారం లేచాయి. దేవగన్నేరుకు కొమ్మ విరిగిన చోటు కిందనే చిగురు వచ్చింది. మిగిలిన గులాబీలు, కనకాంబరాలు లేవలేదు. అప్పటి నుంచి మొక్క కొనేటప్పుడు పువ్వు రంగు ఆఖర్న చూస్తున్నాను. పడితే మళ్లీ లేస్తుందా అన్నది మొదట చూస్తున్నాను. మీ ఇల్లు అప్పటి మా ఇంటిలాంటి చోటే ఉంది కాబట్టి మీరూ అలాగే చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మీ బంతి, చామంతి సంగతి. బంతి ఎండిపోవడం మీ తప్పు కాదు. అది ఏకవార్షికం, గింజ కట్టాక దాని పని అయిపోతుంది. చామంతి అలా కాదు, అది బహువార్షికమే, ఏళ్ల తరబడి బతుకుతుంది. పూలు వాడిపోయాక కొమ్మలను నేల నుంచి బెత్తెడు ఎత్తులో కత్తిరించి, మొదలు దగ్గర మట్టి కాస్త కదిపి చూడండి. పుల్లల చుట్టూ చిన్న చిన్న పిలకలు నేలలోంచి తల ఎత్తుతుంటాయి. వాటిని వేసవంతా నీడపట్టున కాపాడి, వానలు మొదలయ్యాక వేరుతో సహా విడదీసి విడివిడిగా నాటితే ఒక్క మొక్క ఆరేడు మొక్కలవుతుంది. మీరు ఏటా మార్చిలో పారేస్తున్నది ప్రాణమున్న మొక్కనే. ఇంకో మాట. చామంతి రాత్రి పొడవును బట్టి మొగ్గ వేస్తుంది. గేటు ముందు వీధిదీపం వెలుగు రాత్రంతా మీద పడుతుంటే మొగ్గ రాదు, వచ్చినా బాగా ఆలస్యం. విశాఖలోనే ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో గేటు దగ్గరి కుండీ ఒకటి జనవరి దాకా ఉత్త ఆకులతోనే ఉండిపోయింది. వెనక పెరట్లో పెట్టిన దాని జోడీ నవంబరులోనే పూసింది. చామంతి ఎప్పుడూ వెనకవైపు చీకట్లో ఉంచండి.

యూట్యూబులో 'పెరెన్నియల్స్' (బహువార్షికాలు) అని వెతికితే వచ్చే పియోనీ, తులిప్, హోస్టా, లావెండర్ జోలికి పోకండి. వాటిలో చాలా వాటికి కొన్ని వారాల పాటు గట్టి చలి తగిలితేగాని పూత రాదు. లావెండర్‌కు మన ఉక్కపోత పడదు. మన చలికాలం మొక్కకు హాయిగా పెరిగే కాలం, విశ్రాంతి కాలం కాదు. చలి దేశాల పట్టికలు ఇక్కడ పనికిరావు.

మొక్కలు కొనే ముందు ఈ నెలలో చేయాల్సిన పని ఒకటుంది. ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నీడ ఎక్కడిదాకా పడుతోందో సుద్దముక్కతో గోడ మీద, నేల మీద గీత గీయండి. ఆరు గంటల ఎండ ఉన్న చోటు, నాలుగు గంటలున్న చోటు, అసలు లేని చోటు వేరువేరుగా తెలిసిపోతాయి. ఉత్తరం సందు విషయంలో మాత్రం జాగ్రత్త. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు వరకు విశాఖలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఈ నెలల్లో ఆ సందులో ఎండ బాగా కనిపిస్తుంది. అది చూసి మల్లె పెట్టారా, అక్టోబర్ వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోయి ఫిబ్రవరి దాకా అక్కడ మొత్తం నీడే. నా దగ్గరికి వచ్చే 'మొక్క పచ్చగా ఉంది గానీ పూయడం లేదు' అనే ఫిర్యాదుల్లో సగం ఇలాంటి చోట పెట్టినవే.

నీళ్లు. బోరు నీళ్లు పోసిన కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, సబ్బు సరిగా నురగ రాకపోతే, ఆ నీళ్లలో లవణాలు ఎక్కువని అర్థం. అలాంటి నీళ్లు కొంచెం కొంచెంగా రోజూ చిలకరించడం కంటే, రెండు మూడు రోజులకోసారి పాదు నిండా పోయడం మేలు, ఉప్పు వేళ్లను దాటి కిందికి దిగుతుంది. పాదులో ఎండాకులో, కొబ్బరిపీచో నాలుగు వేళ్ల మందాన పరచండి. తడి ఆరకపోతే ఉప్పు పైకి తేలదు. వాటర్ ప్యూరిఫయర్ నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకు పోస్తున్నాం అని చాలామంది సంతోషంగా చెబుతుంటారు. బోరు నీళ్లతో నడిచే ఆర్వో అయితే ఆ వృథా నీళ్లు అసలు నీళ్ల కంటే ఇంకా ఉప్పగా ఉంటాయి, దయచేసి మొక్కలకు వాడకండి, నేల కడగడానికి వాడండి. దానికి బదులు ఏసీ నీళ్లు పట్టుకోండి. గాలిలోని ఆవిరి నీరుగా మారినదే కాబట్టి అందులో ఉప్పు ఉండదు. మన ఊరి ఉక్కకు రాత్రికి బకెట్ దాకా దొరుకుతాయి. కనకాంబరానికి, నూరువరహాలుకు అవి అమృతం.

మట్టి గురించి ఒక్క మాటే, కానీ ముఖ్యమైన మాట. కొత్త ఇల్లు అన్నారు కాబట్టి గోడ పక్కన సిమెంటు ముద్దలు, సున్నం, ఇటుక ముక్కలు తప్పకుండా పూడ్చి ఉంటారు. సున్నం ఉన్న మట్టిలో మొక్క ఇనుమును తీసుకోలేదు. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నూరువరహాలులో ఇది బాగా కనిపిస్తుంది. ఎన్ని మందులు కొట్టినా ఆ మట్టి మార్చకపోతే లాభం లేదు. అందుకే ప్రతి మొక్కకూ అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీయించి, ఆ ముక్కలన్నీ ఏరించి, ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. ఎర్రమట్టి కొనేటప్పుడు ఎక్కడిదో అడగండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి తెచ్చామంటే తీసుకోవద్దు. వేల ఏళ్లలో ఏర్పడిన ఆ దిబ్బలు మళ్లీ రావు, అవి కాపాడుకోవాల్సిన వారసత్వ సంపద. మన పూలకోసం వాటిని తవ్వడం నాకు మనసొప్పదు.

ఇప్పుడు తూర్పు జాగాకు వద్దాం. 20 అడుగుల్లో పొదల్లా పెరిగేవి నాలుగే పెట్టండి. నర్సరీలో చిన్న కవర్లలో చూసి పదిహేను పెడదామనిపిస్తుంది, మూడేళ్లకు అవన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుని గాలి ఆడక తెగులు పడతాయి. గేటు మూలన ఒక కాగితం పూల మొక్క. దానికి ముళ్లుంటాయి కాబట్టి బాబు తిరిగే దారికి దూరంగా గోడ మీదికి ఎక్కించండి. దానికి ఎంత తక్కువ నీళ్లు పోస్తే అంత పూస్తుంది. ఆకులే వస్తున్నాయంటే నీళ్లో, ఎరువో ఎక్కువైందని గుర్తు. తర్వాత అయిదడుగుల ఎడంతో రెండు నందివర్ధనాలు, ఒకటి రేకది, ఒకటి ముద్దది. అత్తగారి పూజకు ఏడాది పొడవునా తెల్లపూలకు లోటుండదు. వాటి పక్కన ఎర్ర రేక మందారం ఒకటి. వీటి ముందు నేల మీద వరసగా బిళ్లగన్నేరు. ఇసుక నేలలో, ఎండలో, ఉప్పుగాలిలో బతికే మొక్క అది. దాన్ని చంపేది ఒక్కటే, మొదలు దగ్గర నిలిచే నీరు. అందుకే ఆ వరసను కాస్త మట్టి ఎత్తుచేసి పెట్టండి. మధ్యమధ్య వానలిల్లీ దుంపలు పదో పాతికో పాతండి. తొలి వాన పడిన కొద్ది రోజులకే గులాబీ రంగులో ఒక్కసారిగా లేస్తాయి. పిల్లలకు ఆ దృశ్యం చాలా ఇష్టం.

గన్నేరు ఎందుకు చెప్పలేదా అనుకుంటారేమో. ఉప్పుగాలికి దాన్ని మించిన మొక్క లేదు, రోడ్డు మధ్య డివైడర్లలో చూస్తూనే ఉంటాం. కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ, అన్నిటిలోనూ గుండె మీద పనిచేసే విషం ఉంటుంది. పచ్చగన్నేరు కాయ ఇంకా ప్రమాదం. ఎడారి గులాబీ అని కుండీల్లో అమ్మే అడీనియం కూడా ఆ కుటుంబమే. మీ బాబు చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే వయసు దాటేవరకు ఈ మూడూ వద్దు. బిళ్లగన్నేరు, నందివర్ధనం కూడా తినేవి కావు, పాలు కారే మొక్కలన్నీ పిల్లల నోటికి దూరంగా ఉండాల్సినవే. షుగరుకు మంచిదని బిళ్లగన్నేరు ఆకు నమిలే పెద్దవాళ్లుంటే వాళ్లకూ వద్దని చెప్పండి. అందులోంచి క్యాన్సర్ మందులు తీస్తారు, అంత గట్టి సరుకు అది.

మందారంలో రంగురంగుల పెద్ద పూల హైబ్రిడ్లు నర్సరీలో కళ్లు చెదిరేలా ఉంటాయి. వాటిని తూర్పు గాలికి పెట్టకండి. మన పాత ఎర్ర రేక మందారమే గట్టిది. దానికి వచ్చే పెద్ద బెడద పిండినల్లి. లేత కొమ్మ చివర, మొగ్గ తొడిమె సందులో తెల్లటి దూది అంటుకున్నట్టు కనిపిస్తుంది. వేలితో నలిపితే జిగటగా, లోపల గులాబీ రంగు తడి. కొమ్మ మీద చీమల బారు కనిపించిందంటే పిండినల్లి వచ్చిందనే అనుకోండి, అది కార్చే తీపి కోసం చీమలు దాన్ని పెంచి పోషిస్తాయి. మందు కంటే ముందు పైపు పెట్టి నీళ్లు గట్టిగా కొట్టండి, సగం రాలిపోతుంది. బాగా ముడుచుకున్న చివరలను కత్తిరించి కవరులో కట్టి పారేయండి, పాదులో వదలకండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వానాకాలంలో ఈ పురుగు తగ్గుతుంది, ఫిబ్రవరి నుంచి మళ్లీ చూస్తుండాలి.

మల్లె లేని విశాఖ వేసవి నాకు వేసవి అనిపించదు. మీరు దాన్ని తూర్పు గాలికి కాకుండా, ఇంటి చాటున వెనక పెరట్లో కనీసం అయిదారు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి, బొండుమల్లె రెండు మొదళ్లు చాలు. మల్లె పూయకపోవడానికి కారణం తొంభై పాళ్లు కత్తిరించకపోవడమే. కొత్త చిగురు చివరే మొగ్గ వస్తుంది, పాత కొమ్మ మీద కాదు. మన దగ్గర నవంబరు దాకా వానలుంటాయి కాబట్టి డిసెంబరు మొదట్లో నీళ్లు తగ్గించండి. ఆకు కాస్త వడలినట్టయ్యాక నెలాఖరుకు మోకాలి ఎత్తున మొత్తం కత్తిరించేయండి. మిగిలిన ఆకులు దూసేయండి. మొక్క మోడులా కనిపించి భయమేస్తుంది, మా అమ్మాయి మొదటిసారి చూసి ఏడ్చింది. పాదు తవ్వి రెండు మూడు రోజులు ఎండనిచ్చి, తట్టెడు పశువుల ఎరువు వేసి నిండా నీళ్లు పెట్టండి. మూడు వారాల్లో కణుపు కణుపుకూ చిగుళ్లు వస్తాయి. మార్చి నుంచి సాయంత్రం అయిదయ్యేసరికి గిన్నె పట్టుకుని వెళ్లాల్సిందే. మొగ్గ కోసేది పొద్దెక్కకముందు గానీ, విచ్చుకోకముందు సాయంత్రం గానీ. మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలుతుంటే లోపల చిన్న పురుగు ఉన్నట్టు, అలాంటివి ఏరి దూరంగా పారేయండి.

ఉత్తరం సందుకు కనకాంబరం సరిపోతుంది. దానికి పల్చటి నీడ ఇష్టం, గాలి తగలదు, ఏసీ పైపు కూడా అటే ఉంటుంది కదా. రెండు మూడేళ్లకు మొక్క ముసలిదవుతుంది, వేరు కుళ్లి వడలిపోవడమూ ఎక్కువే. కాబట్టి ఏటా నాలుగు కొమ్మలు నాటుకుని వారసులను సిద్ధంగా ఉంచుకోండి.

పెరట్లో మిగిలిన చోట పారిజాతం ఒకటి, గోడవారగా డిసెంబరు పూలు నాలుగు. పారిజాతం వానాకాలం చివర నుంచి కార్తీకం దాకా తెల్లవారేసరికి నేల మీద పరిచేస్తుంది. అత్తగారు కింద పడినవే ఏరుకుని పూజకు వాడుకోవచ్చు, మన ఇళ్లలో ఆ ఒక్క పువ్వుకే ఆ మినహాయింపు ఉంది. కింద ఒక పాత చీర పరిస్తే మట్టి అంటదు. డిసెంబరు పూలు పేరుకు తగ్గట్టే చలికాలమంతా ఊదాగా పూస్తాయి, పూత అయ్యాక సగానికి కత్తిరిస్తే చాలు. మల్లె ఆగేసరికి వానలిల్లీ, ఆ తర్వాత పారిజాతం, ఆపైన డిసెంబరు పూలు, చామంతి. మధ్యలో ఎప్పుడూ నందివర్ధనం, మందారం ఉంటాయి. పూలు లేని నెల మీకుండదు.

కొనడం ఇప్పుడే కాదు. జూన్ చివర వానలు పట్టాక కొని జూలై ఆఖరులోపు నాటండి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు, అప్పటికి వేళ్లు పట్టు తీసుకోవాలి. ఆలస్యమైతే డిసెంబరు దాకా ఆగడమే మంచిది. నర్సరీలో నిండా పూసి ఉన్న మొక్కను తీసుకోకండి. మొదలు దగ్గరే రెండు మూడు కొమ్మలు చీలి, ఆకులు దట్టంగా, మొగ్గ తక్కువగా ఉన్నదాన్ని అడగండి. తెచ్చాక వారం రోజులు నీడలో ఉంచండి. కవరు విప్పితే చాలా మొక్కలకు వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతేస్తే చుట్టూ ఎర్రమట్టి తడుస్తుంది గానీ ముద్ద లోపలికి నీరు దిగదు, మొక్క తడిలోనే దాహంతో చచ్చిపోతుంది. ముద్దను బకెట్ నీళ్లలో అరగంట ముంచి, పై మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటండి. పక్కనే ఒక కర్ర పాతి రెండు చోట్ల వదులుగా కట్టండి. మొదటి రెండు నెలలు వచ్చే మొగ్గలు తుంచేయండి, మనసు రాకపోయినా సరే.

ఆఖరుగా సంపెంగ. సింహాచలం సంపెంగ వాసన తెలిసినవాళ్లెవరికైనా ఆ ఆశ సహజం. కానీ అది పొద కాదు, పెద్ద చెట్టు. అది కొండ చాటున పెరిగే చోటు వేరు, సముద్రం ఎదుట మీ 6 అడుగుల జాగా వేరు. లాసన్స్ బేలో మా పక్కింటి సంపెంగ హుద్‌హుద్ రోజున వేళ్లతో సహా లేచి మా ప్రహరీ మీద పడింది. మీరు దాని బదులు నేలసంపెంగ దుంపలు ఒక డజను, మల్లె పక్కన గాలి తగలని ఎండలో రెండంగుళాల లోతున పాతుకోండి. రాత్రి ఎనిమిదింటికి వెనక తలుపు తీసి పెడితే ఆ వాసన హాలు దాకా వస్తుంది.